దొడ్డి పని, పురుగూ పుట్రా, చిన్నమావయ్య మంచం

మా అమ్మమ్మగారి ఊళ్లో పొద్దుగూకాక పాముని పాము అనకూడదు. పురుగు అనాలి. పగలైతే పర్లేదు, తాచుపామనో పొడపామనో పేరు పెట్టే చెప్పుకోవచ్చు, దీపాలు పెట్టాక మాత్రం "అటు పోమాకండ్రా, పురుగూ పుట్రా ఉంటయ్" అంతే. కరిస్తే కరిచింది అని కూడా అనరు, ముట్టుకుంది అంటారు. ముట్టుకుంటే ఏమవుద్ది అమ్మమ్మా, నేను నిన్ను ముట్టుకుంటల్లా అని అడిగితే నోటి మీద ఒకటి వేసింది, అందుకని నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తు.

ఊరు దివిసీమలో, అవనిగడ్డకి దగ్గర్లోనే. ఏప్రిల్లో సెలవులివ్వడం ఆలస్యం విజయవాడలో బస్సెక్కితే కరకట్ట మీద గుంటలన్నీ లెక్కపెట్టుకుంటూ పులిగడ్డ దగ్గర ఆక్విడక్టు దాటేదాకా వాంతులు ఆపుకోవడమే నా పని, అది దాటితే ఇక ఊరొచ్చేసినట్టే. అక్కడ మాకు మామిడిపళ్లు, ముంజలు, కాలవలో ఈతలు అన్నీ ఉండేవి గానీ వాటి గురించి అందరూ రాశారు, నేను రాసేది దొడ్డి పని గురించి. ఎందుకంటే మా తాతయ్య లెక్కలో సెలవులకొచ్చిన మనవలంటే ఊరికే తిని తిరిగేవాళ్లు కాదు, చేతికింద మనుషులు.

తొలకరి పడేలోపు దొడ్లో పనులన్నీ అయిపోవాలి. గొడ్లపాక మీద పాత తాటాకు దించి కొత్త తాటాకు కప్పించాలి, చుట్టూ దడి కుళ్లినచోట పీకి కొత్త తాటిమట్టలు పాతాలి, ఏడాది పొడుగునా పడేసిన పెంటదిబ్బ తవ్వి బండ్లతో చేలోకి తోలాలి, కొబ్బరిడొక్కలూ కమ్మలూ కట్టెలూ తడవకుండా వంటపాక చూరుకిందకి చేర్చాలి. పెద్ద పనులు పెద్దమావయ్యా చిన్నమావయ్యా పాలేరు బాబాయీ చూసుకునేవాళ్లు, డొక్కలు మాత్రం మావి. వంద డొక్కలు చేరిస్తే పావలా. పావలాకి పుల్లైసు వచ్చేది. నేనూ మా చెల్లీ రోజుకి నాలుగైదొందలు మోసేవాళ్లం, అంటే మోశామని చెప్పేవాళ్లం, తాతయ్య లెక్కపెట్టేవాడు కాదు.

లెక్కపెట్టకపోయినా దగ్గరే ఉండేవాడు. ఎందుకంటే ఆ ఎండలకి, రోహిణి కార్తెలో చేలన్నీ బీటలు తీసి గట్ల మీద కాలు పెడితే బొబ్బలెక్కే రోజుల్లో, ఊరి చుట్టూ ఉన్న పాములన్నిటికీ చల్లగా ఉండే చోటు మా దొడ్డే. కూడితి గోలెం కింద చెమ్మ, స్నానాల దడి పక్కన అరటిచెట్ల పాదులు, డొక్కల గుట్ట లోపల చీకటి, వామి కింద ఎలకలు, అన్నీ అక్కడే. మా ఇంట్లో మనుషులకి ఫ్యాను ఒక్కటే ఉండేది, వాటికే మాకంటే సుఖంగా ఉండేది.

అందుకని పని మొదలెట్టే ముందు తాతయ్య ఒక తంతు నడిపేవాడు. చేతికర్రతో నేల మీద దబదబా నాలుగు పోట్లు పొడిచి, గట్టిగా దగ్గి, "జరగండమ్మా, పిల్లలొచ్చారు, జరగండి" అనేవాడు, అదేదో ఆర్టీసీ బస్సులో సీటు అడిగినట్టు. కాసేపు ఆగి అప్పుడు కొంకికర్రతో పైవి లాగేవాడు. చేత్తో తీయనిచ్చేవాడు కాదు. పెద్దవైతే, అంటే తాటిదుంగో బండో అయితే, ఎట్టా ఎత్తాలో కూడా నేర్పాడు. "ఇవతలంచు ఎత్తబాక. అవతలంచు పట్టుకుని నీ వైపుకి లేపు. లోపల ఏదన్నా ఉంటే నీకూ దానికీ మధ్య ఆ దుంగే అడ్డం ఉండాల, అది అటునించి అటు పోవాల." పాముకి మనలాగా బయటికి చెవులుండవు, నేల అదిరితే దవడ ఎముకలకి తెలుస్తది అని నేను తర్వాతెప్పుడో చదువుకున్నా, ఆయనకి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, కర్ర పొడవడం మాత్రం వచ్చు.

చంపనిచ్చేవాడు కాదు. ఊళ్లో పాము కనపడితే కర్రలు పట్టుకుని పదిమంది పోగయ్యేవాళ్లు, మా దొడ్లో కనపడితే మాత్రం గెడకర్ర పెట్టి బోదెలోకి నెట్టడమే. దానికి కారణం ఉప్పెన. 1977 నవంబరు 19 రాత్రి నీళ్లొచ్చినప్పుడు మా తాతయ్య ఒక తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు, ఒళ్లంతా ముళ్లు దిగినయ్, ఆ చెట్టు మీదే పై కొమ్మకి ఒక తాచు చుట్టుకుని ఉందంట. మెరుపు మెరిసినప్పుడల్లా కనపడేదంట. "అది నా వంక చూసింది, నేను దాని వంక చూశా, ఎవరి చావు వాళ్లది అనుకున్నాం" అనేవాడు. ఇది వంద సార్లు విన్నా. ఒక్కోసారి చెప్పినప్పుడు ఆ పాము ఒక్కో కొమ్మ కిందకి దిగేది, చివరికొచ్చేసరికి దాదాపు భుజం మీద కూర్చుంది అనుకోండి. కానీ దివిసీమలో ఆ రాత్రి బతికి బయటపడ్డ ముసలాళ్లని ఎవరిని అడిగినా ఒకే చెట్టు మీద పాములూ మనుషులూ అన్న మాట వస్తది, అందుకని నేను నమ్ముతా.

తాచుని మొదటిసారి దగ్గరగా చూసింది డొక్కల గుట్ట దగ్గరే. ముందు గోరింకలు చెప్పినయ్. నాలుగైదు గోరింకలు గుట్ట మీద అటూ ఇటూ ఎగురుతూ ఒకటే గోల, కోళ్లన్నీ మెడలు చాచి ఒకే వైపు చూస్తన్నయ్. నాకేం తెలుసు, పక్షులు కొట్టుకుంటన్నయ్ అనుకున్నా. తాతయ్య మాత్రం చేతిలో చుట్ట కింద పడేసి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. అప్పుడు లేచింది. గోధుమ రంగు, నా మోకాలెత్తు, పడగ విప్పి మెడ వెనక ఆ కళ్లజోడు గుర్తు స్పష్టంగా. ఊగుతా ఉంది. సినిమాల్లో లాగా తళతళలాడుతూ ఏమీ లేదు, ఒంటి నిండా దుమ్ము, డొక్కపీచు ఒకటి పడగకి అంటుకుని వేలాడతా ఉంది. నాకు అదే గుర్తు, ఆ పీచు. మేం కదలకుండా నిలబడితే కాసేపటికి దానికే విసుగొచ్చినట్టు పడగ ముడుచుకుని దడి కిందనించి జారిపోయింది. అమ్మమ్మ ఆ సాయంత్రం పసుపూ కుంకం పెట్టి చెంబుడు పాలు పుట్ట దగ్గర పోసొచ్చింది. నాగుల చవితికి పోసే పాలకి ఇవి అదనం. పాములు పాలు తాగవని మా సైన్సు మాస్టారు చెప్పారు అమ్మమ్మా అంటే "మీ మాస్టార్ని వచ్చి డొక్కలు మోయమను" అంది.

అందరూ తాచుకి భయపడతారు గానీ మా దొడ్లో అసలు భయం పొడపాము. రక్తపింజర అంటారే అదే. తాచు కనీసం లేస్తది, బుసకొడతది, పోతది. ఇది పోదు. మామిడిచెట్టు కింద ఎండుటాకులు దంతెతో లాగుతుంటే ఎక్కడో సైకిలు ట్యూబు గాలి పోతున్న చప్పుడు. నిజంగా అదే అనుకున్నా, పెద్దమావయ్య సైకిలు అక్కడే స్టాండేసి ఉంది, వెళ్లి టైరు కూడా నొక్కి చూశా, గట్టిగా ఉంది. వెనక్కొచ్చి మళ్లీ దంతె వేశా. మళ్లీ ఆ చప్పుడు, ఈసారి ఇంకా పెద్దగా, కుక్కర్ విజిల్ వచ్చేముందు ఆవిరి తన్నుకొస్తది చూడండి అట్టా. పాలేరు బాబాయి గొడ్లపాక కప్పు మీద ఉన్నాడు, అక్కణ్ణించే "అబ్బాయా, కాలు కదపమాక" అన్నాడు. అరవలేదు, మామూలుగా అన్నాడు, అందుకే భయమేసింది. నాకు రెండు గజాల్లో ఆకుల్లో ఆకులాగా ఉంది. ఒకసారి కనపడ్డాక ఇక కనపడకుండా పోదు, లావుగా చుట్టలు చుట్టుకుని, ఒంటి మీద గొలుసు వేసినట్టు వరసగా ముదురు మచ్చలు, మచ్చకి మచ్చకి అంచున నల్లగీత. గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించడం, వదలడం, అదే ఆ చప్పుడు. నా కాళ్లకి చెప్పుల్లేవు. సెలవుల్లో చెప్పులేసుకునే పిల్లాణ్ణి ఊళ్లో ఎవరూ మనిషిగా చూసేవాళ్లు కాదు.

బాబాయి దిగొచ్చి నా నడుం పట్టుకుని నిలువునా ఎత్తి వెనక్కి తీసుకుపోయాడు. తర్వాత దాన్ని పొడుగు గెడతో తోసుకుంటూ తోసుకుంటూ బోదెదాకా తీసుకెళ్లడానికి అరగంట పైనే పట్టింది, ఎంత తోసినా రెండడుగులు పోయి మళ్లీ చుట్టచుట్టుకుంటది, బద్ధకమా పొగరా తెలీదు. ఆ పొడపాము పేరు గురించి తర్వాత ఒక సంగతి తెలిసి భలే ఆశ్చర్యం వేసింది. ఇంగ్లీషులో దీన్ని రసెల్స్ వైపర్ అంటారు గదా, ఆ రసెల్ అంటే ప్యాట్రిక్ రసెల్ అని స్కాట్లాండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మన విశాఖపట్నంలో ఉండి పాముల్ని పోగేసి 1796లో కోరమాండల్ తీరం పాముల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఈ పాముకి ఆయన రాసుకున్న పేరు మన తెలుగు పేరే, కటుక రేకుల పొడ. మా బాబాయి అన్నదీ పొడే. రెండొందల ఏళ్ల నాటి తెల్లదొర పుస్తకంలో ఉన్న మాట మా మామిడిచెట్టు కింద ఇంకా వాడకంలో ఉంది.

ఇక్కడిదాకా రాసింది చదివితే ఏదో సరదాగా ఉంది గదా. నేను కూడా ఇక్కడిదాకే చెప్తా ఎవరికైనా. మా పిల్లలకి కూడా తాచు పడగకి అంటుకున్న పీచు, సైకిలు ట్యూబు, అంతే.

1992 మే. నాకు పదకొండేళ్లు. ఆ ఏడు గొడ్లపాక కప్పు మొత్తం దించేశారు, మూడేళ్లనాటి తాటాకు, ముట్టుకుంటే పొడి రాలేది. దించిన ఆకంతా పొద్దుగూకిందని వాకిలి పక్కన గుట్ట పోశారు, తెల్లారి తగలబెడదామని. అందులో ఒక కుబుసం దొరికింది, సన్నగా, మూర పొడుగుంది. చెల్లి దాన్ని పుస్తకంలో పెట్టుకుంటే డబ్బులొస్తయ్యని దాచుకుంది. తాతయ్య చూసి "చీకటి పడింది, ఆ గుట్ట దగ్గరికి పోబాకండి" అన్నాడు, అంతకంటే ఎవరికీ ఏమీ తోచలేదు.

రాత్రి అందరం వాకిట్లోనే. ఉక్క. మంచాలు నాలుగే ఉన్నయ్, మూడు నులకవి, ఒకటి మడతమంచం. మేం నాన్నతో సహా వచ్చేసరికి చాలలేదు. నేను చాప మీద పడుకుంటా అన్నా, నిజంగానే అన్నా, నాకు చాప ఇష్టం. చిన్నమావయ్య వచ్చి "పట్నం పిల్లోడివి, కింద చీమలు కుడతయ్, లెగు" అని నన్ను తన మంచం మీదకి విసిరేసి ఆ చాప మీద తను పడుకున్నాడు. ఆయనకి అప్పుడు ఇరవై రెండేళ్లు. తలకింద చెయ్యి పెట్టుకుని చుక్కలు చూపిస్తూ ఏదో కథ చెప్తున్నాడు, నేను మధ్యలో నిద్రపోయా.

తెల్లవారుజామున మూడింటప్పుడేమో, కడుపునొప్పి అని లేచాడు. పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. రాత్రి పనసతొనలు ఎక్కువ తిన్నాడని అందరికీ తెలుసు, అమ్మమ్మ వాము నమిలించింది, వేణ్ణీళ్లు ఇచ్చింది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. ఏదీ తనని కరిచినట్టు ఆయనకీ తెలీదు. కాసేపటికి "గొంతు పట్టేసినట్టుంది" అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చినయ్. లాంతరు పెట్టి చూస్తే రెండు కనురెప్పలూ సగం వాలిపోయి ఉన్నయ్. నిద్రమత్తు అని పెద్దమావయ్య అన్నాడు. పక్కింటి పెద్దమ్మ దిష్టి అంది. ఒకాయన పసరు వేస్తాడు పిలవండి అన్నారు, పిలిచారు, ఆయన వచ్చి ముక్కులో పిండి ఏదో చదివి వెళ్లేసరికి గంట పోయింది. ఆ గంట గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

తెల్లారేసరికి జీపు దొరికింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ డాక్టరు గారు కుర్రాయన, కళ్లు తెరవమన్నారు, తెరవలేకపోయాడు, మెడ నిలపమన్నారు, నిలవలేదు. అప్పుడు మా నాన్నని ఒకే ఒక్క ప్రశ్న అడిగారంట, "రాత్రి కింద పడుకున్నాడా?" అని.

కట్లపాము. రాత్రిపూటే తిరుగుద్ది, వెచ్చగా ఉందనో ఎలకల కోసమో పక్కలోకి దూరుద్ది, మనిషి ఒత్తిగిల్లితే కరుస్తది. కోరలు చిన్నవి, చాలాసార్లు నొప్పే తెలీదు, గుర్తే ఉండదు. తాచు కాటుకి, పింజర కాటుకి ఉన్న హడావుడి దీనికి ఉండదు, మనిషి నిద్రలోనే ఒక్కొక్క కండరం పడిపోతా పోతాడు, ఆఖర్న ఊపిరి తీసే కండరాలు. ఇదంతా ఇప్పుడు నాకు తెలుసు. ఇంకోటి కూడా తెలుసు, దీని జాతికి సైన్సులో పెట్టిన పేరు బంగారస్, అది మన తెలుగు బంగారు పాము అన్న మాట నుంచే పోయింది. బంగారమంట.

అక్కడ మందు లేదు. అంటే విరుగుడు ఇంజక్షన్. ఎందుకు లేదు అని అడిగే టైము కాదు, అదే జీపులో పెద్దాసుపత్రికి. దారిలో ఊపిరి తగ్గిపోయింది, నాన్న ఆయన దవడ ముందుకి లాగి పట్టుకుని కూర్చున్నాడంట, అది కూడా ఆ కుర్ర డాక్టరు గారే చూపించి పంపారు. పెద్దాసుపత్రిలో మందు ఉంది, ఎక్కించారు, గొంతులో గొట్టం వేశారు, కానీ ఊపిరి మిషను ఇంకొకరికి పెట్టేశారు. ఉన్నది ఒక్కటే. చేత్తో నొక్కే రబ్బరు బుర్ర ఉంటది చూడండి, దాన్ని గొట్టానికి తగిలించి ఇట్టా నొక్కాలి, ఆపకూడదు, ఎన్ని రోజులు పడుద్దో చెప్పలేం అని చెప్పి మావాళ్ల చేతికిచ్చారు.

రెండు రాత్రులు, ఒకటిన్నర పగలు. నాన్న, పెద్దమావయ్య, పాలేరు బాబాయి, మార్చి మార్చి. తాతయ్య చేతులు వణికేవి, అందుకని ఆయనకి నొక్కే పని ఇవ్వలేదు, మంచం కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని లెక్క చెప్పేవాడంట. ఒకటి రెండు మూడు నొక్కు, ఒకటి రెండు మూడు నొక్కు. డొక్కలు లెక్కపెట్టని మనిషి.

నన్ను తీసుకెళ్లలేదు. ఇంటి దగ్గర అమ్మమ్మా అమ్మా చెల్లీ నేనూ. ఆ మంచం వాకిట్లో అట్టాగే ఉంది, ఎవరూ లోపల పెట్టలేదు, నేను దాని దగ్గరికి వెళ్లలేదు. అమ్మ నన్నేమీ అనలేదు, ఎవరూ అనలేదు, అసలు ఎవరికన్నా ఆ సంగతి తట్టిందో లేదో కూడా నాకు తెలీదు. నాకు మాత్రం తట్టింది. పదకొండేళ్లకి ఆ మాత్రం లెక్క వస్తది.

మూడో రోజు కళ్లు తెరిచాడు. వారం దాటాక ఇంటికొచ్చాడు, సన్నగా, గొంతు బొంగురుగా. వచ్చాక చెప్పిన మొదటి మాటలేవిటంటే, నాకు అంతా వినపడుతూనే ఉంది రా అని. కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, చచ్చినవాడిలాగా ఉన్నాడు గానీ తెలివంతా ఉంది. చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన పక్కనే నిలబడి ఇక లాభం లేదులే అన్నది విన్నాడు, ఆయన ఇప్పటికీ ఏ పెళ్లిలోనన్నా ఎదురైతే మావయ్య "లాభం ఉందా బాబాయ్" అని పలకరిస్తాడు. బుర్ర ఎవరు నొక్కుతున్నారో కూడా చెప్పేవాడు. "బావది గట్టి చెయ్యి, రొమ్ము పగిలేట్టు వచ్చేది గాలి. అన్నయ్యది మెత్తన, చాలీచాలకుండా. నిద్రలో జోగితే అసలు వచ్చేదే కాదు, అప్పుడు నాన్న గొంతు పెద్దదయ్యేది, నొక్కూ అని." ఈ మాటలు ఆయన నవ్వుతూనే చెప్పాడు. విరుగుడు మందు గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి వాటి రక్తంలోంచి తీస్తారని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు, దాంతో ఊళ్లో ఆయనకి గుర్రం అని పేరు పడిపోయింది.

నేను అసలు చెప్పాలనుకున్నది మధ్యలో వదిలేశా. మావయ్య కళ్లు తెరిచాడని తెలిసిన రోజు తాతయ్య ఒక్కడే బట్టలకని ఇంటికొచ్చాడు. స్నానం చెయ్యలేదు, అన్నం తినలేదు, నేరుగా ఆ తాటాకు గుట్ట దగ్గరికి వెళ్లాడు. కర్రతో నేల పొడవలేదు. దగ్గలేదు. జరగండమ్మా అనలేదు. కొంకికర్రతో ఒక్కొక్క ఆకూ లాగుతున్నాడు, నేను వసారాలోంచి చూస్తున్నా. అడుగుకొచ్చేసరికి సన్నటి పాము ఒకటి కదిలింది. గెడ కోసం చూడలేదు ఆయన. చేతికర్రతో కొట్టాడు, అది చచ్చాక కూడా కొట్టాడు, కర్ర విరిగిందాకా. మా తాతయ్య పాముని చంపడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు. అమ్మమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే అక్కడే నేల మీద కూలబడిపోయాడు.

దాన్ని కర్రముక్కతో వెల్లకిలా తిప్పి మళ్లీ బోర్లా తిప్పి నేను చాలాసేపు చూశా. వేలు లావు, గోధుమ నలుపు రంగు, మెడ దగ్గర్నించే తెల్లటి పట్టీలు మొదలు, మెడ దగ్గర బాగా వెడల్పుగా తెల్లగా, పోనుపోను పల్చబడి తోక దగ్గరికొచ్చేసరికి ఉన్నాయా లేవా అన్నట్టు. సాయంత్రం ఆయన లేచి, తాచుకి చేసినట్టు దానికీ చేశాడు, పాలు చల్లి, రాగి పైసా ఒకటి పెట్టి, తెల్లగుడ్డ ముక్కలో చుట్టి ఆ తాటాకుతోనే తగలబెట్టాడు. కట్లపాముకి అట్టా ఎవరూ చెయ్యరు. ఎందుకు చేశావని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

తాతయ్య 2003లో పోయాడు. గొడ్లపాక లేదు ఇప్పుడు, ఇల్లు డాబా అయింది, చిన్నమావయ్య అక్కడే ఉంటాడు, దోమతెర నాలుగు వైపులా పరుపు కిందకి దోపుకుని మంచం మీదే పడుకుంటాడు, ఎంత దగ్గర చుట్టాలొచ్చినా మంచం ఇవ్వడు, కొత్తవి ఆరు కొన్నాడు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసపెట్టి వచ్చి ఆసుపత్రులు నిండిపోయినప్పుడు, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో సర్పశాంతి యాగం కూడా చేశారు గదా, అప్పుడు ఫోన్ చేస్తే "యాగం మంచిదే రా, ముందు ఒక్కొక్కళ్లకి ఒక్కో మంచం ఇవ్వమను" అన్నాడు. దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో పాముకాటుకి పోయినవాళ్లు దాదాపు 12 లక్షలని ఒక లెక్క వచ్చింది, అది చదివినప్పుడు నాకు జనం కనపడలేదు, చాపలు కనపడినయ్.

పోయిన ఏడు వానాకాలం రాత్రి పది దాటాక మావయ్య వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. బాత్రూం తలుపు మూల ఒక పాము, సన్నగా, పట్టీలతో. "అదేనా ఇది? చూసి చెప్పరా, మీ అత్త కేకలు పెడతంది" అని. నేను ఇన్నేళ్లలో ఇంటర్నెట్లో పాముల ఫొటోలు చూసీ చూసీ సగం పండితుణ్ణయిపోయా, ఎందుకు చూస్తానో మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఫొటో పెద్దది చేసి చూశా. అది కాదు మావయ్యా అని రాశా. దీన్ని వుల్ఫ్ స్నేక్ అంటారు, విషం లేదు, బల్లుల కోసం వస్తది. చూడ్డానికి కట్లపాములాగానే ఉంటది, అందరూ పొరబడతారు. కట్లపాముకి మెడ దగ్గర పట్టీలు సరిగ్గా ఉండవు, వెనక్కి పోయేకొద్దీ తోక వైపు స్పష్టంగా ఉంటయ్. దీనికి తిరగేసి, మెడ దగ్గర్నించే మొదలై తోక దగ్గర మాసిపోతయ్. అయినా చేత్తో ముట్టుకోబాక, ఫొటో చూసి చెప్పేది ఎప్పుడైనా తప్పు కావచ్చు.

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత, "మరి ఆ రోజు మా నాన్న కొట్టింది?"

గుర్తులేదు మావయ్యా, చిన్నపిల్లాణ్ణి గదా అని పెట్టా.

టిక్కులు నీలం అయినయ్. టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. పది నిమిషాల తర్వాత ఇంకో ఫొటో, టార్చిలైటు వెలుగులో గెడకర్ర, తడిగడ్డి, బోదె గట్టు. "నెట్టేశాలే. నువ్వు పడుకో."